దూర ప్రయాణాలకు బైక్ సైలెన్సర్‌ను ఎంచుకోవడం ఎలా

బండితో వచ్చిన సైలెన్సర్‌ను తీసి మరొకటి బిగించుకోవాలనుకునేవారు సాధారణంగా దుకాణం ముందు బండి ఆపి, యాక్సిలరేటర్‌ను రెండుసార్లు తిప్పి చూసి, ఆ మోత నచ్చితే కొనేస్తారు. రోజుకు అయిదారు గంటలు నడిపేవారికి ఈ పరీక్ష దాదాపు నిరుపయోగం. దూర ప్రయాణంలో ఇంజిన్ చాలాసేపు ఒకే వేగంతో తిరుగుతుంది కనుక గంటల తరబడి భరించవలసింది ఆ ఒక్క శబ్దాన్నే. అందువల్ల టాప్ గేర్‌లో మీరు ఎక్కువసేపు నడిపే వేగం వద్ద మీటరు ఎంత ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) చూపుతుందో ముందుగా రాసిపెట్టుకోండి.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. 4,800 ఆర్‌పీఎం వద్ద సింగిల్ సిలిండర్ బండి సెకనుకు 40 సార్లు, సమాన వ్యవధుల్లో మండే రెండు సిలిండర్ల బండి 80 సార్లు పొగగొట్టంలోకి ఒత్తిడి తరంగాలను నెడతాయి. ఇవి బాగా కింది స్థాయి స్వరాలు. గొట్టం పొడవు, సైలెన్సర్ డబ్బా పరిమాణం వీటికి తోడై ప్రతిధ్వనిస్తే, ఛాతీకి కూడా తెలిసేంతగా ఎడతెగని హోరు పుడుతుంది. మొదటి అరగంట అది గంభీరంగానే అనిపిస్తుంది. నాలుగో గంటకు తలనొప్పి అవుతుంది. ఇయర్ ప్లగ్‌లు పై స్వరాలను ఆపినంతగా ఈ హోరును ఆపలేవు. అయినా వాటిని మానకూడదు: హైవే వేగంలో హెల్మెట్ లోపలి గాలి రొదే మామూలుగా 90 డెసిబెల్స్ దాటుతుంది. రోజుకు 85 డెసిబెల్స్‌ను 8 గంటలకు మించి వినరాదనీ, ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగం చేసుకోవాలనీ పనిచేసేవారి ఆరోగ్య భద్రతపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ సూచిస్తుంది. ఆ లెక్కన 94 వద్ద మిగిలేది ఒక గంట మాత్రమే.

హోరు ఉంటుందా లేదా అన్నది చాలావరకు సైలెన్సర్ లోపలి నిర్మాణాన్ని బట్టి తెలుస్తుంది. ఒక రకంలో రంధ్రాలున్న గొట్టం చుట్టూ గాజు ఉన్నిని కూరుతారు. అది కర్ణకఠోరమైన పై స్వరాలను బాగా మింగుతుంది గానీ కింది స్వరాలను అంతగా పట్టుకోలేదు. పైగా ఆ ఉన్ని వేడికి క్రమంగా కాలిపోవడంతో కొన్నాళ్లకు మోత పెరుగుతుంది. అందుకే ఈ రకం కొనేవారు మూత విప్పి ఉన్ని మళ్లీ నింపుకొనే వీలుందో లేదో అడగాలి. మరో రకంలో లోపల గదులుంటాయి. తరంగాలు గోడలకు తగిలి వెనక్కి వచ్చి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. కింది స్వరాలను అదుపు చేయడంలో ఇదే మెరుగు, బరువు మాత్రం ఎక్కువ. దూర ప్రయాణాలకు ఈ రెండు పద్ధతులనూ కలిపిన, కాస్త పెద్ద డబ్బానే నేను ఎంచుకుంటాను. టైటానియం పెట్టి రెండు కిలోలు తగ్గించుకున్న ఆనందం, పెట్టెల్లో ఇరవై కిలోల సామాను సర్దేసరికే ఆవిరైపోతుంది.

ప్రకటనల్లోని డెసిబెల్ అంకెలను, ఎంత దూరం నుంచి కొలిచారో తెలియకుండా పోల్చవద్దు. నిలిపి ఉంచిన బండిని గొట్టానికి అర మీటరు దూరంలో కొలుస్తారు. ఐరోపా పద్ధతిలో కదిలే బండిని 7.5 మీటర్ల నుంచి కొలుస్తారు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది కాబట్టి ఒకే సైలెన్సర్‌కు ఎంతో తేడా గల రెండు అంకెలు రావచ్చు. ఫోన్ వీడియోలను అసలు నమ్మవద్దు, ఎందుకంటే శబ్దం పెరిగితే మైక్ తనంతట తానే స్థాయిని తగ్గించుకుంటుంది. అదే సైలెన్సర్ ఉన్న బండిని మీ ఆర్‌పీఎం వద్ద అరగంట నడిపి చూడటమే సరైన పరీక్ష. డీబీ కిల్లర్ (మోత తగ్గించడానికి సైలెన్సర్ చివర దూర్చే, ఊడదీయగల చిన్న గొట్టం) తీస్తేనే బాగుంటుందని అమ్మేవారే చెబితే, అది మీకు పనికివచ్చే వస్తువు కాదు. మీరుండే చోట నిబంధనలు ఏ ఆమోద ముద్రను గుర్తిస్తాయో తెలుసుకొని, అది సైలెన్సర్‌పై చెక్కి ఉందో లేదో చూడండి.

చివరి డబ్బాను మాత్రమే మార్చే స్లిప్-ఆన్ చాలామందికి సరిపోతుంది. ఇంజిన్ నుంచి వచ్చే బెండు పైపుతో సహా మార్చే ఫుల్ సిస్టమ్ పెడితే పొగలోని హానికర వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ కూడా పోవచ్చు, ఇంధనం పాళ్లను మళ్లీ సరిచేయించాల్సి రావచ్చు. దూర ప్రయాణికుడికి దానివల్ల దక్కేది తక్కువ.

కొనుగోలులో తరచుగా మరచిపోయేది పక్కనున్న భాగాల సంగతి. పక్క పెట్టెలను నింపి, వెనుక మనిషిని కూర్చోబెట్టి, స్ప్రింగులు అణిగినప్పుడు సైలెన్సర్‌కూ పెట్టెకూ మధ్య ఖాళీ ఎంత మిగులుతుందో చూడండి. గుడ్డ సంచులైతే వేడికి కరుగుతాయి. వెనుక కూర్చున్నవారి మడమ తగలకూడదు, పొగ నేరుగా పెట్టె మీదికి కొట్టకూడదు. కొన్ని బండ్లలో సెంటర్ స్టాండ్ పైకి మడిచినప్పుడు ఆనేది పాత సైలెన్సర్‌కున్న రబ్బరు దిమ్మకే. కొత్తదానికి అది లేకపోతే స్టాండ్ వెళ్లి చైన్‌కు తగలవచ్చు. వెనుక చక్రం ఇరుసును సైలెన్సర్ విప్పకుండానే బయటికి లాగగలగాలి, లేకుంటే దారిలో పంచరైన రోజున తెలిసొస్తుంది.

బిగించేటప్పుడు అతుకులో పొగ బయటికి రాకుండా ఆపే గాస్కెట్ కొత్తది వేసి, బోల్టులన్నీ ముందు వదులుగా పెట్టి, ఇంజిన్ వైపు నుంచి వెనక్కి వరుసగా బిగించాలి. బ్రాకెట్‌ను లాగి పట్టి బిగిస్తే అదురుకు అక్కడే పగులు వస్తుంది. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు స్టీలుపై వేలిముద్రలను స్పిరిట్‌తో తుడవండి, వేడెక్కాక అవి మరకలుగా నిలిచిపోతాయి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత, సైలెన్సర్ చల్లారాక, బోల్టులను మరోసారి పట్టి చూడండి.