పాత ఎస్‌ఎల్‌ఆర్ ఫిల్ము కెమెరా: ఎంపిక, పరీక్ష, వాడకం

ఏళ్ల తరబడి అల్మారాలో ఉండిపోయిన ఎస్‌ఎల్‌ఆర్ (ఫోటో తీసే లెన్స్ గుండానే అద్దం సాయంతో దృశ్యాన్ని చూపే) కెమెరా, వాడకం వల్ల అరిగేదానికంటే వాడకపోవడం వల్ల చెడేదే ఎక్కువ. షట్టర్ పళ్ళచక్రాల మధ్య వేసిన నూనె చిక్కబడుతుంది, వెనుక తలుపు చుట్టూ అతికించిన స్పాంజి జిగురుగా మారుతుంది, లెన్స్ లోపల బూజు పడుతుంది. అందువల్ల ఈ కెమెరాలను సేకరించదలచినవారు తాము నిజంగా ఫిల్ము ఎక్కించి వాడగలిగినన్ని మాత్రమే కొనాలని, కొన్న ప్రతిదాన్నీ వాడుకలోకి తేవాలని నా అభిప్రాయం. కింది సూచనలన్నీ ఆ దృష్టితో రాసినవే.

ముందుగా ఆ యంత్రం చేసే పనిని మనసులో ఉంచుకోవడం మంచిది. లెన్స్ గుండా వచ్చిన వెలుగు 45 డిగ్రీల కోణంలో ఉన్న అద్దం మీద పడి, పైనున్న గరుకు తెర మీద బొమ్మగా ఏర్పడి, పెంటాప్రిజం అనే గాజు దిమ్మ ద్వారా నిటారుగా తిరిగి మన కంటికి చేరుతుంది. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, లెన్స్‌లోని రేకులు మనం ఎంచుకున్న అపెర్చర్‌కు (వెలుగు వెళ్ళే రంధ్రం పరిమాణానికి) మూసుకుంటాయి, షట్టర్ తెరలు ఒకదాని వెనుక ఒకటి పరుగెడతాయి, అద్దం మళ్ళీ కిందికి దిగుతుంది. ఈ వరుసలో ఏ పని తడబడినా ఫోటో పాడవుతుంది. కెమెరాను పరీక్షించడమంటే ఈ పనులను ఒక్కొక్కటిగా చూసి, విని నిర్ధారించుకోవడమే.

ఏ కాలపు కెమెరా కొనాలన్న ప్రశ్నకు చరిత్ర కొంత సహాయపడుతుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు తయారైన తొలి ఎస్‌ఎల్‌ఆర్‌లలో ఒకటైన కీనె ఎక్సాక్టా 1936లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో వచ్చింది. ఫోటో తీసిన వెంటనే తనంతట తాను కిందికి దిగే అద్దాన్ని జపాన్‌లో 1954 నాటి అసాహిఫ్లెక్స్ 2బి అందించింది. నికాన్ ఎఫ్ 1959లో వచ్చింది. లెన్స్ గుండా వచ్చే వెలుగునే కొలిచే మీటర్ 1963లో టాప్‌కాన్ ఆర్‌ఈ సూపర్‌లోనూ, మరుసటి సంవత్సరం పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌లోనూ అమ్మకానికి వచ్చింది. 1985లో వచ్చిన మినోల్టా 7000 ఆటోఫోకస్ యుగాన్ని ప్రారంభించింది. నిత్యం వాడుకోవడానికి ఈ చివరి రెండు మైలురాళ్ళ మధ్య కాలపు కెమెరాలే అన్నిటికంటే అనుకూలమైనవని నేను నమ్ముతున్నాను. అంతకు ముందువాటిలో వెలుగు కొలవడం కష్టం. తరువాతివాటిలో ఒక సర్క్యూట్ చెడిపోతే బాగుచేయడం చాలా సందర్భాల్లో సాధ్యం కాదు.

ఈ కాలపు కెమెరాలలో కూడా ఒక ముఖ్యమైన తేడా ఉంది. 1976 నుంచి 1997 వరకు తయారైన పెంటాక్స్ కె1000, మినోల్టా ఎస్‌ఆర్‌టీ-101, 1972లో వచ్చిన ఒలింపస్ ఓఎం-1, 1977లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం వంటివాటిలో షట్టర్ పూర్తిగా యాంత్రికమైనది. బ్యాటరీ మీటర్‌కు మాత్రమే కావాలి కనుక, బ్యాటరీ అయిపోయినా అన్ని వేగాలూ పనిచేస్తాయి. 1976 నాటి కానన్ ఏఈ-1 షట్టర్ ఎలక్ట్రానిక్ కాబట్టి బ్యాటరీ లేకుండా అసలు కదలదు. మొదటి కెమెరా యాంత్రిక షట్టర్ ఉన్నదే కావాలని నా సలహా.

బాడీ (లెన్స్ కాక మిగిలిన కెమెరా) కంటే ముందు మౌంట్‌ను, అంటే లెన్స్‌ను బాడీకి బిగించే అమరికను ఎంచుకోవాలి. బాడీలు మారవచ్చు గాని, క్రమంగా సమకూర్చుకున్న లెన్సులు మిమ్మల్ని ఒకే మౌంట్‌కు కట్టివేస్తాయి. స్క్రూ లాగా తిప్పి బిగించే ఎం42 మౌంట్‌కు జపాన్, జర్మనీ, సోవియట్ రష్యా తయారీ లెన్సులు విస్తారంగా ఉన్నాయి. పెంటాక్స్ 1975లో కె మౌంట్‌కు మారింది. కానన్ 1971లో తెచ్చిన ఎఫ్‌డీ మౌంట్‌ను 1987లో వదిలేసి కొత్త మౌంట్ మొదలుపెట్టింది. నికాన్ ఎఫ్ మౌంట్ మాత్రం 1959 నుంచి ఆకారంలో మారలేదు. అయితే 1977లో అపెర్చర్ సమాచారాన్ని మీటర్‌కు అందించే పద్ధతి మారింది కాబట్టి, అంతకు ముందు తయారై మార్పు చేయని లెన్స్‌ను ఏ బాడీకి పడితే ఆ బాడీకి బిగించకూడదు. నికాన్ ఎఫ్‌ఎంలో ఒక చిన్న మీటను మడిచి అటువంటి లెన్స్‌ను వాడవచ్చు గాని, దాని తరువాత వచ్చిన ఎఫ్‌ఎం2లో ఆ వీలు లేదు. బలవంతంగా బిగిస్తే బాడీ దెబ్బతింటుంది.

కొనే ముందు పరీక్ష

కెమెరాను చేతిలోకి తీసుకున్నాక, ఫిల్ము లేదని నిర్ధారించుకుని, వెనుక తలుపు తెరిచి, లెన్స్ విప్పి పరీక్ష మొదలుపెట్టాలి. మొదట షట్టర్‌ను ఒక సెకను వేగానికి పెట్టి నొక్కండి. లోపలి నుంచి ఒకే లయలో సన్నని చక్రాల శబ్దం వినిపించి, సుమారు ఒక సెకనుకు తెర మూసుకోవాలి. మధ్యలో శబ్దం తడబడినా, తెర తెరుచుకుని ఉండిపోయినా, నెమ్మది వేగాలను నడిపే చక్రాలలో నూనె గట్టిపడిందని అర్థం. ఇది బాగుచేయదగిన లోపమే గాని ఆ ఖర్చును ధరలో లెక్కవేసుకోవాలి.

తరువాత అత్యధిక వేగానికి, అంటే సాధారణంగా సెకనులో 1/1000వ వంతుకు మార్చి, కెమెరా ముందు భాగాన్ని వెలుతురున్న తెల్లని గోడవైపు పెట్టి, వెనుక నుంచి చూస్తూ నొక్కండి. ఫ్రేము మొత్తం ఒకే రకమైన మెరుపు కనిపించాలి. ఒక పక్క చీకటిగా కనిపిస్తే రెండవ తెర మొదటి తెరను దారిలోనే అందుకుంటోందన్నమాట. నేను మొదట కొన్న కెమెరాలో ఈ పరీక్ష చేయలేదు. నెమ్మది వేగాలు బాగున్నాయని సంతృప్తిపడి తీసుకున్నాను. ఎండలో తీసిన ఫోటోలన్నిటిలో ఒక వైపు మూడవ వంతు చిత్రమే లేకుండా రావడంతో, ఆ రోజు చూసిన దృశ్యాలను పోగొట్టుకున్నందుకు ఎంతో బాధపడ్డాను. అర నిమిషం పట్టే ఈ పరీక్షను ఎవరూ వదిలివేయకూడదు.

గుడ్డతో చేసిన తెరలున్న కెమెరాలో, లెన్స్ వైపు నుంచి చిన్న టార్చి వెలిగించి, అద్దాన్ని పైకి లేపగల వీలుంటే లేపి, చీకటి గదిలో వెనుక నుంచి చూస్తే సూదిమొనంత రంధ్రాలైనా బయటపడతాయి. తెరలను మాత్రం వేలితో తాకకూడదు. అద్దాన్ని కూడా తుడవకూడదు. దాని పూత గాజుకు ముందువైపే ఉంటుంది కనుక మెత్తని గుడ్డ కూడా గీతలు వేస్తుంది. గాలి ఊది దుమ్ము పోగొడితే చాలు. వ్యూఫైండర్‌లో నల్లని మరకలు కనిపిస్తే ప్రిజం మీది వెండి పూత పాడైనట్లు. పాత ఒలింపస్ ఓఎం కెమెరాలలో ప్రిజం పక్కనున్న స్పాంజి కరిగి పూతను తినివేయడం వల్ల ఇది తరచుగా కనిపిస్తుంది. చూపుకు ఇబ్బందే గాని ఫోటో మీద దీని ప్రభావం ఉండదు. కానన్ ఏఈ-1, దాని తోటి నమూనాలలో షట్టర్ నొక్కినప్పుడు కీచుమనే శబ్దం వస్తే, అద్దాన్ని కదిలించే భాగాలలో నూనె ఎండిపోయిందని తెలుసుకోవాలి. నిపుణుడు నూనె వేస్తే అది పోతుంది.

లెన్స్‌ను పరీక్షించేటప్పుడు అపెర్చర్‌ను పూర్తిగా తెరిచి, ఒక వైపు నుంచి టార్చి వెలుగు పంపి, మరో వైపు నుంచి ఏటవాలుగా చూడాలి. కొద్దిపాటి దుమ్ము గురించి చింతించనక్కరలేదు. సాలెగూడు వంటి సన్నని పోగులు కనిపిస్తే అది బూజు. అది గాజు పూతను కొరుకుతుంది, తగిన తేమ దొరికితే ఇంకా పెరుగుతుంది. మంచు పట్టినట్లు మసకగా ఉంటే ఫోటోలలో నలుపు తగ్గి, ఎదురెండలో తెల్లదనం పరుచుకుంటుంది. అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే, రెండు గాజులను కలిపిన జిగురు విడిపోతోందన్నమాట. అటువంటి లెన్స్‌ను వదిలివేయడమే మేలు. అపెర్చర్ రేకుల మీద నూనె ఉంటే అవి బద్ధకంగా మూసుకుంటాయి, దానితో ఫోటోలు తెల్లబడిపోతాయి. పసుపు రంగు తిరిగిన లెన్స్‌ను చూసి మాత్రం వెంటనే వెనుదిరగకండి. పెంటాక్స్ సూపర్ తకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4లో కొన్ని తరాల లెన్సుల గాజులో థోరియం ఉంటుంది. దాని స్వల్ప రేడియోధార్మికత వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ గాజు పసుపుబారుతుంది. కొన్ని రోజులు అతినీలలోహిత కాంతి తగిలేలా ఉంచితే ఆ రంగు చాలావరకు పోతుంది.

చివరగా బ్యాటరీ గది మూత తెరిచి చూడాలి. తెల్లగా, పచ్చగా పొడి కనిపిస్తే పాత ఆల్కలైన్ బ్యాటరీ కారిందని అర్థం. దూదిపుల్లను వెనిగర్‌తో కొద్దిగా తడిపి తుడిచి, తడి లేకుండా ఆరబెడితే పైపైన పేరుకున్నది పోతుంది. తీగ వరకు పాకితే మాత్రం మరమ్మతు తప్పదు.

బ్యాటరీ, మీటర్, స్పాంజి

1960లు, 70ల నాటి అనేక కెమెరాల మీటర్లను 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కోసం రూపొందించారు. పాదరసం విషపూరితం కావడంతో ఆ బ్యాటరీలను నిషేధించారు. వాటి స్థానంలో అదే ఆకారంలో ఉన్న 1.5 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీ పెడితే మీటర్ ఉన్నదానికంటే ఎక్కువ వెలుగు ఉందని చూపుతుంది. మనం ఆ మాట నమ్మి ఫిల్ముకు తక్కువ ఎక్స్‌పోజర్, అంటే కావలసినదానికంటే తక్కువ వెలుగు ఇస్తాము. పైగా ఆల్కలైన్ వోల్టేజి వాడేకొద్దీ క్రమంగా పడిపోతుంది కాబట్టి, ఆ తప్పు కూడా రోజుకొక తీరుగా ఉంటుంది. వినికిడి యంత్రాలలో వాడే 675 రకం జింక్-ఎయిర్ బ్యాటరీ సుమారు 1.4 వోల్టులను స్థిరంగా ఇస్తుంది. చుట్టూ చిన్న వలయం పెట్టి బిగిస్తే సరిపోతుంది గాని, సీలు తీశాక కొద్ది నెలలలోనే అయిపోతుంది. వోల్టేజి తగ్గించే అడాప్టర్‌లో సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీని వాడటం దీర్ఘకాలానికి మెరుగైన మార్గం. స్పాట్‌మాటిక్ వంటి కొన్నిటిలో వోల్టేజి తేడాను లెక్కచేయని బ్రిడ్జి సర్క్యూట్ ఉంది కాబట్టి ఈ ఇబ్బంది లేదు. ఏ బ్యాటరీ పెట్టినా, సమానంగా వెలుగు పడే గోడను కెమెరా మీటర్‌తోనూ, ఫోనులోని మీటర్ యాప్‌తోనూ కొలిచి పోల్చుకోవాలి. తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే ఐఎస్‌ఓ (ఫిల్ము వెలుగును ఎంత త్వరగా గ్రహిస్తుందో తెలిపే సంఖ్య) డయల్‌ను ఆ మేరకు జరిపి సర్దుకోవచ్చు.

మీటర్ లేకపోయినా పని ఆగదు. నిండు ఎండలో ఎఫ్/16 అపెర్చర్ దగ్గర (ఈ సంఖ్య తగ్గేకొద్దీ రంధ్రం పెద్దదవుతుంది) ఫిల్ము ఐఎస్‌ఓ సంఖ్యకు దగ్గరి షట్టర్ వేగం సరిపోతుంది. ఐఎస్‌ఓ 200 ఫిల్ముకు అది 1/250 సెకను. పలుచని మబ్బుకు ఎఫ్/11, దట్టమైన మబ్బుకు ఎఫ్/5.6 వరకు తెరవాలి.

వెనుక తలుపు గాడిలోని స్పాంజి వేలికి నల్లగా అంటుకుంటే, అది వెలుగును ఆపడం మానేసినట్లే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితోనూ, చెక్క పుల్లతోనూ పాతదాన్ని పూర్తిగా తీసి, తగిన మందంలో కత్తిరించిన కొత్త స్పాంజిని అతికించాలి. సన్నని గాడులలో నల్లని ఊలు దారం కూడా చక్కగా ఇముడుతుంది. ఈ పని చేస్తున్నంతసేపు షట్టర్ తెరల మీద కాగితం కప్పి ఉంచండి. అద్దం పైన ఉండే స్పాంజిని మార్చేటప్పుడు ఆల్కహాల్ గరుకు తెర మీద పడకుండా చూడండి. అది చాలా కెమెరాలలో ప్లాస్టిక్‌తో చేసినది, ద్రావకం తగిలితే శాశ్వతంగా మచ్చపడుతుంది.

మొదటి రోల్

మొదటి రోల్‌ను జ్ఞాపకాల కోసం కాకుండా పరీక్ష కోసమే కేటాయించాలి. కలర్ నెగటివ్ ఫిల్మునే ఎంచుకోండి. అది ఒకటి రెండు స్టాపుల (ఒక్కో స్టాపుకు వెలుగు రెట్టింపు) అధిక ఎక్స్‌పోజర్‌ను సులభంగా భరిస్తుంది, తక్కువ ఎక్స్‌పోజర్‌ను భరించలేదు. పాత షట్టర్లు ఎక్కువగా నెమ్మదించే వైపే తప్పుతాయి కాబట్టి ఈ ఫిల్ము వాటి లోపాన్ని కప్పుకుంటుంది. స్లైడు ఫిల్ముకు ఆ ఓర్పు లేదు.

ఫిల్ము కొసను చుట్టే కడ్డీలో దోపి, పళ్ళు రెండు వైపులా రంధ్రాలలో కూర్చున్నాక తలుపు మూయాలి. రివైండ్ చక్రాన్ని వదులు పోయేవరకు మెల్లగా తిప్పి, ఆపైన ఫిల్మును ముందుకు జరుపుతూ ఆ చక్రం తనంతట తాను తిరుగుతోందో లేదో గమనించండి. అది తిరగకపోతే ఫిల్ము కదలడం లేదు, లెక్క చూపే అంకె ఎంతవరకు వెళ్ళినా ఒక్క ఫోటో కూడా పడదు. ఇక కెమెరాను స్టాండు మీద పెట్టి, వెలుగు మారని ఒకే దృశ్యాన్ని 1/1000, ఎఫ్/2.8 నుంచి మొదలుపెట్టి 1/500, ఎఫ్/4, 1/250, ఎఫ్/5.6 అంటూ వరుసగా తీస్తూ, ప్రతి ఫ్రేమునూ పుస్తకంలో రాసుకోండి. ప్రతిసారీ ఫిల్మును చేరే వెలుగు ఒకటే కాబట్టి నెగటివ్‌లన్నీ ఒకే సాంద్రతతో రావాలి. ఏ వేగం దగ్గర నెగటివ్ ముదురుగా లేదా పలుచగా వచ్చిందో చూస్తే ఏ వేగం తప్పుతోందో తెలిసిపోతుంది. మిగిలిన ఫ్రేములలో కొన్నింటిని, ఏటవాలుగా పెట్టిన స్కేలు మీద ఒక గీతకు ఫోకస్ చేసి, లెన్స్‌ను పూర్తిగా తెరిచి తీయండి. ఆ గీతే స్పష్టంగా రావాలి. దానికి ముందుదో వెనుకదో స్పష్టంగా వస్తే అద్దమో గరుకు తెరో స్థానం తప్పినట్లు.

రోల్ చివర ఫిల్మును జరిపే మీట బిగుసుకుపోతే బలవంతం చేయకూడదు, ఫిల్ము చిరుగుతుంది. అడుగునున్న బటన్ నొక్కి వెనక్కి చుట్టాకే తలుపు తెరవాలి.

పరీక్షలో నెగ్గిన కెమెరాతో చేతిపట్టుగా తీసేటప్పుడు, లెన్స్ మీద మి.మీ.లలో ఉండే ఫోకల్ లెంగ్త్ సంఖ్యకు తగ్గని షట్టర్ వేగం ఉంచుకోవాలి. 50 మి.మీ. లెన్స్‌కు అది 1/60. ఫ్లాష్ వాడితే, అడ్డంగా నడిచే గుడ్డ తెరలకు 1/60, నిలువుగా నడిచే లోహపు రేకులకు 1/125 సాధారణ పరిమితి. దాన్ని దాటితే ఫ్రేములో కొంత భాగం నల్లగా వస్తుంది. విమాన ప్రయాణంలో ఫిల్మును సామానులో పంపకుండా వెంట ఉంచుకుని, చేతితో తనిఖీ చేయమని కోరడం అవసరం. కొత్త సీటీ స్కానర్లు ఒక్కసారికే ఫిల్మును మసకబార్చగలవు.

భద్రపరిచేటప్పుడు తోలు సంచిలో ఉంచవద్దు. తోలు తేమను పట్టి ఉంచి బూజును పెంచుతుంది. మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూడాలి. బ్యాటరీ తీసివేయాలి, షట్టర్‌ను బిగించిన స్థితిలో వదలకూడదు. నెలకొకసారి ప్రతి కెమెరానూ బయటికి తీసి, ఒక సెకను నుంచి 1/1000 వరకు అన్ని వేగాలనూ రెండేసి సార్లు నడిపి, లెన్స్ ఫోకస్ వలయాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి వరకు తిప్పి, వాటిలో ఏది ఎక్కువ కాలంగా ఖాళీగా ఉందో దానిలో ఆ నెల ఫిల్ము ఎక్కించండి.