టచప్‌లో క్రీమ్ ఎక్కడ ఆపాలి

స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న ఆరు నెలలకి కుదుళ్ల దగ్గర సుమారు నాలుగు వేళ్ల మేర కొత్త జుట్టు వచ్చేస్తుంది, నెలకి సెంటీమీటరు పైచిలుకు లెక్కన. కింద జుట్టు తిన్నగా ఉంటుంది, పైన మాత్రం మన పుట్టు ఉంగరాలే, అవి బెజవాడ ఉక్కకి ఇంకా ఉబ్బుతాయి. అద్దంలో చూసుకుని టెన్షన్ పడి మూడో నెలకే టచప్‌కి, అంటే ఆ కొత్త జుట్టుని కూడా క్రీమ్‌తో తిన్నగా చేయించుకోడానికి, పరిగెత్తకండి. కొత్త జుట్టు మరీ పొట్టిగా ఉంటే క్రీమ్‌ని దాని మీదే నిలపడం చాలా కష్టం.

టచప్ అంతా ఆ నిలపడంలోనే ఉంది. నాకొకసారి ఒక పార్లర్‌లో త్వరగా అయిపోతుందని క్రీమ్‌ని కుదుళ్ల నుంచి కొసల దాకా దువ్వేశారు. వారం తిరక్కుండా తలస్నానం చేసి చిక్కు తీసుకుంటుంటే పాత జుట్టూ కొత్త జుట్టూ కలిసేచోట పుటుక్కు పుటుక్కున తెగి, దువ్వెన పళ్ల నిండా వచ్చేసింది. ఆ క్రీమ్ వెంట్రుక లోపలి సల్ఫర్ బంధాలను విప్పుతుంది, ఒకసారి విప్పి కట్టిన చోట మళ్లీ విప్పితే జుట్టుకి సత్తువ ఉండదు.

అందుకే మొదటిసారి ఏ మందు వాడారో ముందు కనుక్కోండి. రీబాండింగ్‌కి, అంటే ఇలా బంధాలను విప్పి మళ్లీ కట్టే స్ట్రెయిటెనింగ్‌కి, వాడేది సాధారణంగా అమ్మోనియం థయోగ్లైకొలేట్ క్రీమ్. అమెరికాలో రిలాక్సర్ అని అమ్మేవాటిలో చాలావాటిలో సోడియం హైడ్రాక్సైడ్ లాంటివి ఉంటాయి. అక్క పంపింది కదా అని ఒకటి చేసిన జుట్టు మీద రెండోది వేస్తే విరిగిపోతుంది. నేను చెప్పేది థయో క్రీమ్ గురించే. నల్ల హెన్నా పెట్టే అలవాటున్నా ఆగండి, కొన్నిట్లో లోహ లవణాలు ఉంటాయి, విప్పిన బంధాలను మళ్లీ కట్టడానికి చివర్లో రాసే న్యూట్రలైజర్‌లోని పెరాక్సైడ్‌కి అవి పడవు.

తడి వెంట్రుక ఒకటి మెల్లగా లాగి చూడండి. సాగి వెనక్కొస్తే సరే, సాగి అలాగే ఉండిపోయినా తెగినా ఈసారికి మానేయండి. ముందురోజు కుంకుడుకాయతో గట్టిగా రుద్ది తలంటుకోవద్దు, మాడు గీసుకుపోతే క్రీమ్ మండుతుంది.

వెనకవైపు మనకి కనపడదు కాబట్టి ఇంకో మనిషి ఉండాలి, గ్లౌజులు తప్పనిసరి. జుట్టు నాలుగు భాగాలు చేసి పాత జుట్టుకి కండిషనర్ దట్టంగా పట్టించండి. సన్నని పాయలు తీస్తూ, మాడుకి అర సెంటీమీటరు వదిలి, పాత జుట్టు మొదలయ్యే గీతకి కాస్త ఇవతలే బ్రష్ ఆపండి, ఎందుకంటే క్రీమ్ తనంతట తనే కొంచెం కిందకి పాకుతుంది. ఐదేసి నిమిషాలకి ఒక పాయ మీద క్రీమ్ తుడిచి చూడండి, వంపు పోయిందంటే కడిగేయడమే, పెట్టె మీద రాసిన టైము మాత్రం దాటకూడదు. మధ్యలో మాడు మండితే టైముతో పనిలేదు, వెంటనే కడగండి.

బాగా కడిగి, పూర్తిగా ఆరాక కొత్త జుట్టుకి మాత్రమే ఐరన్ పెట్టి, న్యూట్రలైజర్ కూడా అక్కడికే రాసి, చెప్పిన టైము ఉంచి కడిగేయండి. మూడు రోజులు తల తడపడం, నూనె, జడ, క్లిప్పు ఏవీ వద్దు, పడుకునేటప్పుడు జుట్టు మడత పడకుండా దిండు మీదకి తిన్నగా పరుచుకోండి.