పాత మారుతి 800 ముందు సస్పెన్షన్‌కు రంగు వేసే ముందు జాగ్రత్తలు

బండిని చదునైన గచ్చు మీద నిలిపి, వెనుక చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, బాడీ బరువును స్టాండ్లపై మోపిన తరువాతే ముందు చక్రాలు విప్పాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరడం ప్రాణాంతకం.

ఈ కారుకు ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్లు (కాయిల్ స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకటిగా కలిసిన భాగాలు) ఉంటాయి. కాయిల్ స్ప్రింగును రెండు పక్కలా స్ప్రింగు కంప్రెసర్లతో (స్ప్రింగును నొక్కిపట్టే పనిముట్లు) సమానంగా నొక్కి, అది కూర్చునే గిన్నెలో వదులైందని చూసుకున్నాకే స్ట్రట్టు పైకొన నడిమి నట్టును ముట్టుకోవాలి. తొందరపడితే స్ప్రింగు తూటాలా ఎగిరిపడుతుంది. డిస్కు బ్రేకులున్న బండిలో క్యాలిపర్‌ను (డిస్కును నొక్కి పట్టే భాగాన్ని) బ్రేకు గొట్టానికి వేలాడనీయకుండా తీగతో కట్టాలి.

తుప్పు గీకేటప్పుడు కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. లోయర్ ఆర్మ్‌పై (చక్రాన్ని కిందివైపు బాడీకి కలిపే చేయిపై) తుప్పు లోతుగా తిన్నా, వెంట్రుకంత పగులు కనిపించినా కొత్తది కొనాలి. రంగు దాన్ని కప్పిపెడుతుందే తప్ప గట్టిపరచదు. స్ప్రింగుకు మంట తగలనీయరాదు.

రంగు ఎక్కడ వేయాలన్నది తేలికే, ఎక్కడ అంటకూడదన్నదే అసలు పని: స్ట్రట్టు మెరుపు రాడ్డు, బోల్టుల మరలు, బాల్ జాయింటు (గుండు కీలు) పిన్ను కూర్చునే రంధ్రం, రబ్బరు బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు). వీటికి ముందే టేపు చుట్టాలి.

బుష్ బోల్టులను చక్రాలు నేలకు ఆనాకే పూర్తిగా బిగించాలి, లేకుంటే రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. స్ప్లిట్ పిన్నులు (నట్టు ఊడకుండా ఆపే చీలిక పిన్నులు) కొత్తవే వాడి, ఆపై చక్రాల అలైన్‌మెంటు చేయించాలి.