పట్టుకో అంటే హోల్డా, క్యాచా?

బెంగళూరులో ఇంటర్వ్యూలకు తిరుగుతున్న మన పిల్లలకు ఒక మాట. తెలుగులో "పట్టుకో" ఒక్కటే అన్నిటికీ సరిపోతుంది, ఇంగ్లిష్‌లో సరిపోదు. మెజెస్టిక్‌లో బస్సెక్కి, కూర్చున్నవాళ్ల చేతికి బ్యాగు ఇస్తూ "క్యాచ్ దిస్" అనకండి, విసురుతున్నారేమో అనుకుంటారు. ఎగిరొచ్చేదాన్ని, పరిగెత్తేదాన్ని అందుకుంటే క్యాచ్. చేతిలో అలాగే ఉంచుకుంటే హోల్డ్. చటుక్కున లాక్కుంటే గ్రాబ్.

అందరూ పొరబడేది హ్యావ్ దగ్గర. ఇద్దరు తమ్ముళ్లున్నారని చెప్పడానికి "ఐ హ్యావ్ టూ బ్రదర్స్" చాలు, "ఐ యామ్ హ్యావింగ్" వద్దు. నా దగ్గర ఉంది, నాకు ఉన్నారు అనే అర్థంలో దానికి ఇంగ్ తగిలించరు. టిఫిన్ తింటూ ఫోనెత్తితే మాత్రం "ఐ యామ్ హ్యావింగ్ ఇడ్లీ" అని నిక్షేపంగా అనొచ్చు. ఆటో అతనితో చిల్లర మీరే ఉంచుకోండి అనాలంటే "కీప్ ద చేంజ్".