పుట్టుమచ్చ పోకుండా పాత ఫొటో బాగుచేయడం

ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ గింప్‌ను మొదటిసారి తెరిచిన రోజు ఎడమవైపు ఉన్న పనిముట్ల బొమ్మలు చూసి వెంటనే మూసేశాను. డబ్బు పెట్టి కొన్నది కాదు కాబట్టి బాధ లేదు. అది 1996 నుంచీ ఉచితమే. మళ్లీ తెరిచింది తాతయ్య సంవత్సరీకానికి. ఉన్న ఒక్క నలుపు తెలుపు ఫొటో మడత పడి, తెల్లటి గీత కుడి చెంప మీదుగా కండువా దాకా దిగింది.

అందుకే చెబుతున్నాను, సాఫ్ట్‌వేర్ మొత్తం నేర్చుకోవాలని కూర్చోకండి. మీ ఇంట్లోని ఒక్క ఫొటో పట్టుకోండి.

ఫోనుతో తీస్తే ట్యూబ్‌లైటు మెరుపు పడుతుంది. జిరాక్స్ షాపులో 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) అని అడిగి మరీ స్కాన్ చేయించండి. నాలుగు బై ఆరు అంగుళాల ఫొటోకు 2400 బై 3600 పిక్సెళ్లు వస్తాయి.

ముందుగా కలర్స్ మెనూలో లెవెల్స్. కొండలాంటి గ్రాఫ్ కనిపిస్తుంది. వెలిసిపోయిన ఫొటోలో ఆ కొండ మధ్యలోనే ఉండి, రెండు పక్కలా ఖాళీ ఉంటుంది. అంటే అసలైన నలుపూ లేదు, తెలుపూ లేదు. ఎడమ త్రికోణాన్ని కొండ మొదలయ్యే చోటికి, కుడిదాన్ని ముగిసే చోటికి జరపండి. తాతయ్య కళ్లజోడు ఫ్రేము అప్పుడే నాకు స్పష్టంగా కనిపించింది.

తర్వాత షిఫ్ట్, కంట్రోల్, డీ కలిపి నొక్కితే లేయర్‌కు, అంటే ఫొటో ఉన్న పొరకు, పైన నకలు వస్తుంది. పని అంతా ఆ నకలు మీదే.

ఇక మడత గీత. హెచ్ నొక్కితే హీల్ టూల్ వస్తుంది, పక్క చోటును తీసుకుని మచ్చ మీద కలిసిపోయేలా అద్దేది. బ్రష్ గీతకన్నా కాస్త వెడల్పుగా ఉంటే చాలు. కంట్రోల్ పట్టుకుని పక్కనున్న మంచి చర్మం మీద క్లిక్ చేసి, వదిలి, గీత మీద చిన్న చిన్నగా అద్దండి. ఒక్కసారిగా గీస్తే చెంప సున్నం కొట్టినట్టు అవుతుంది. అద్దుతున్నకొద్దీ తీసుకునే చోటు మారుస్తుండాలి. నల్లకోటు తెల్ల కండువాను తాకే అంచు దగ్గర హీల్ అలికేస్తుంది. అక్కడ సీ నొక్కి, ఉన్నదున్నట్టు నకలు దించే క్లోన్ వాడండి.

ఊపులో బూజు మచ్చలన్నీ తుడిచి అమ్మకు చూపించాను. "అన్నీ బాగున్నాయి గానీ, నాన్నగారి గడ్డం మీది పుట్టుమచ్చ ఏదమ్మా?" అంది. నకలు మీద పని చేసినందుకు బతికిపోయాను. పై లేయర్‌కు ఆల్ఫా ఛానెల్ (చెరిపిన చోట కింది పొర కనిపించేలా చేసేది) చేర్చి, అంత మేరే రబ్బరుతో చెరిపితే కిందనుంచి పుట్టుమచ్చ పైకి వచ్చింది. ఆల్ఫా చేర్చకుండా చెరిపితే తెల్ల మచ్చ పడుతుంది, అదీ చూశాను.

సేవ్ చేస్తే ఎక్స్‌సీఎఫ్ ఫైలు వస్తుంది. లేయర్లన్నీ అందులోనే ఉంటాయి, పారేయకండి. ప్రింటుకు మాత్రం ఎక్స్‌పోర్ట్‌లో జేపెగ్. మా 2400 బై 3600, ఎనిమిది బై పన్నెండు సైజుకు అంగుళానికి సరిగ్గా 300 పిక్సెళ్లయ్యాయి. స్టూడియోలో మారుమాట లేకుండా వేసి ఇచ్చారు.