వేలిముద్ర పడకపోతే మనిషిని వెనక్కి పంపకండి

దేవరకొండ దగ్గర ఒక మండల కేంద్రంలో పదకొండేళ్ళుగా బ్యాంకు మిత్రగా పనిచేస్తున్నాను. ఆధార్ నంబరు, వేలిముద్ర తీసుకుని ఖాతాలోని డబ్బు చేతికివ్వడం నా పని. నా బల్ల మీద వేలిముద్ర యంత్రం, చిన్న ప్రింటరు, రెండు గుడ్డలు, ఒక కొబ్బరినూనె సీసా ఉంటాయి. ఆ నూనె వచ్చేవాళ్ళ వేళ్ళ కోసం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళు, రేషన్ డీలర్లు, తాతనో అవ్వనో బండి మీద ఎక్కించుకుని తీసుకొచ్చే పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను.

ముందు ఇక్కడి చేతుల సంగతి చెప్పాలి. మాకు పక్కనే ఉన్న పాలమూరు కూలీల చెయ్యి పడని ఆనకట్ట దేశంలో లేదని మా పెద్దలు అంటారు. మాకు దగ్గర్లోనే ఉన్న నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలారు. 124 మీటర్ల ఎత్తున రాతితో లేచిన కట్ట అది. రెండేళ్ళ కిందట ఒక తండా నుంచి ఒక అవ్వ వచ్చింది. పదేళ్ళ వయసులో తల్లి వెంట సాగర్ పనికి వెళ్ళి కంకర తట్టలు మోశానంది. ఆ తర్వాత పత్తి చేలు, నాట్లు, బేల్దారి పని. ఆమె బొటనవేలిని పట్టుకుని కిటికీ వెలుతురులో చూశాను. గీతలు లేవు. ఏళ్ళ తరబడి వాడిన పార అంచులా నున్నగా మెరుస్తోంది. పక్కన రెండు పగుళ్ళు, వాటిలో ఎంత కడిగినా పోని నలుపు. అంతకుముందు మరోచోట మూడుసార్లు తిప్పి పంపారట. "నా వేలు చచ్చిపోయింది బిడ్డా" అంది. ఆమె ఎడమచేతి ఉంగరం వేలు రెండో ప్రయత్నంలోనే పడింది.

మూడుసార్లు ఆమెను తిప్పినవాళ్ళు దుర్మార్గులని నేను అనుకోను. బొటనవేలు పడకపోతే ఇంకేం చేయాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. కానీ ఆ మూడుసార్లకు ఆమెకు ఆటో కిరాయి, మూడు రోజుల కూలి పోయాయి.

యంత్రం వేలిలో ఏం చూస్తుందో తెలిస్తే సగం పని తేలికవుతుంది. చర్మం మీది గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్నదే అది వెతుకుతుంది. ఆధార్ తీసుకున్ననాడు నమోదైన గుర్తులతో వాటిని పోల్చుతుంది. సిమెంటు, సున్నం, ఎరువులు ఆ గీతలను తినేస్తాయి. వయసు పైబడితే చర్మం బిగువు తగ్గి గీతలు చదునవుతాయి. వేలు బాగా ఎండితే గీతలు తెగిపోయినట్టు కనిపిస్తాయి. తడిగా ఉంటే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే మార్చి నుంచి మే దాకా ఒక రకం తిప్పలు, నాట్ల కాలంలో ఇంకో రకం తిప్పలు.

కాబట్టి మనిషి రాగానే వేలు పెట్టించకండి. ఎండలో నడిచొచ్చినవాళ్ళను రెండు నిమిషాలు కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇవ్వండి. గోరువెచ్చని నీళ్ళతో చేతులు కడిగించి బాగా తుడిపించండి. మరీ ఎండిన వేలైతే ఒక్క చుక్క నూనె రాసి, పొడిగుడ్డతో జిడ్డు పోయేదాకా తుడవండి. జిడ్డు మిగిలితే అద్దం మసకబారి, తర్వాత వచ్చే మనిషికి కూడా పడదు. ప్రతి మనిషి తర్వాత అద్దాన్ని తుడవాల్సిందే. యంత్రం మీద నేరుగా ఎండ పడకూడదు. నా బల్ల మొదట్లో గుమ్మానికి ఎదురుగా ఉండేది. దాన్ని గోడ పక్కకు జరిపాక మధ్యాహ్నం పూట తిరస్కరణలు బాగా తగ్గాయి.

వేలు పెట్టే తీరు కూడా ముఖ్యమే. ముసలివాళ్ళు భయంతో వేలి కొసను గట్టిగా అదుముతారు. అప్పుడు గీతలు నలిగిపోతాయి. వేలి మొదటి కణుపు మొత్తం చదునుగా ఆనాలి, ఒత్తిడి తేలికగా ఉండాలి. వాళ్ళ చేతిని మీరు పట్టుకుని నొక్కకండి, పెట్టి చూపించండి.

పది వేళ్ళూ ప్రయత్నించండి. ఆధార్‌లో పది వేళ్ళూ నమోదై ఉంటాయి, బొటనవేలే కావాలన్న నియమం లేదు. పనిచేసే చేతిలో బొటనవేలు, చూపుడువేలు ముందు అరుగుతాయి. ఉంగరం వేలు, ఎడమచేతి వేళ్ళు ఎక్కువకాలం నిలుస్తాయి. ఏ వేలు పడిందో వాళ్ళ పాసుపుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో రాసిపెట్టండి. ఈ ఒక్క అలవాటు చేసినంత మేలు నేను నేర్చుకున్న మరే కిటుకూ చేయలేదు. పాసుపుస్తకం ఏ ఊరికి వెళ్ళినా ఆ మాట దానితోపాటే వెళ్తుంది.

తెర మీద కనిపించే సంఖ్యను చూడకుండా "పడలేదు" అని చెప్పకండి. 300 అని వస్తే వేలిముద్ర సరిపోలలేదని అర్థం. ఇంకో వేలు ప్రయత్నించవచ్చు. 330 వస్తే ఎన్ని వేళ్ళు మార్చినా లాభం లేదు, వాళ్ళ బయోమెట్రిక్స్‌కు, అంటే ఆధార్‌లోని వేలిముద్ర, కంటిపాప వివరాలకు, తాళం పడి ఉంది. ఎవరో పిల్లలు మోసాలకు భయపడి ఫోనులో తాళం వేసి, ఇంట్లో చెప్పడం మరచి ఉంటారు. అదే ఫోనులో తీసేస్తే నిమిషాల్లో పని అవుతుంది. ఒక కుటుంబం ఇది తెలియక రెండు నెలలు తిరిగింది.

ఏ వేలూ పడకపోతే దారులున్నాయి. రేషన్ దుకాణంలో కార్డులో పేరున్న ఏ సభ్యుడైనా వేలు పెట్టవచ్చు. కంటిపాప యంత్రం ఉంటే దాన్ని బయటకు తీయించండి, చాలాచోట్ల అది డబ్బాలోనే ఉంటుంది. ఆధార్‌కు ఫోను నంబరు జతచేసి ఉంటే ఓటీపీ ఉంది. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలుపెట్టారు, మనిషికి నెలకు ఆరు కిలోలు. వేలు అరిగిందని ఒక మనిషికి ఆ ఆరు కిలోలు ఆగకూడదు. ముఖం చూసి గుర్తించే పద్ధతి కూడా ఇప్పుడు బాగా పనిచేస్తోంది. వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టండి, వెనక కిటికీ ఉండకూడదు. రెప్పలు ఆర్పమని అడిగినప్పుడు నెమ్మదిగా ఆర్పమనండి. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం కూడా ఇప్పుడు ఇలాగే ఇంట్లోంచి ఇవ్వవచ్చు.

ఇవన్నీ విఫలమైనా సంక్షేమ పథకాల లబ్ధిని ఆపడానికి వీల్లేదు. 2017 అక్టోబరు 24న ఆధార్ సంస్థ ఇచ్చిన ఉత్తర్వులో ఈ సంగతి ఉంది. వేలిముద్ర, కంటిపాప, ఓటీపీ ఏదీ కుదరకపోతే ఆధార్ కార్డు చూసి, మినహాయింపు రిజిస్టరులో రాసి ఇవ్వాలి. దాని నకలు ఒకటి దగ్గర ఉంచుకోండి. మర్యాదగా చూపిస్తే చాలాచోట్ల పని జరుగుతుంది. ఇక ఖాతాలో డబ్బు సంగతైతే, పాసుపుస్తకం తీసుకుని శాఖకు వెళ్ళి విత్‌డ్రాయల్ ఫారం మీద తీసుకోవచ్చు. నడవలేని మనిషికి అది చివరి దారి కావాలి, మొదటిది కాకూడదు.

తరువాత శాశ్వతమైన పని ఒకటుంది. ఆధార్ కేంద్రానికి తీసుకెళ్ళి వేలిముద్రలు, కంటిపాపలు మళ్ళీ నమోదు చేయించాలి. పదిహేనేళ్ళ కిందటి వేలు ఇప్పటి వేలు కాదు. అదే రోజు ఫోను నంబరు కూడా జతచేయించండి, కొడుకుది కాదు, వాళ్ళదే. నాట్లు, పత్తి తీతలు అయిపోయాక, చేతులు కాస్త నయమయ్యాక తీసుకెళ్తే ముద్రలు బాగా వస్తాయి.

డబ్బు దగ్గర జాగ్రత్త. వేలు పెట్టే ముందు ఎంత తీస్తున్నారో గట్టిగా చెప్పించుకోవాలి. "పడలేదు, మళ్ళీ పెట్టు" అన్న ప్రతిసారీ రసీదు అడగాలి. ఒకచోట మా ఊరి రైతు నాలుగుసార్లు వేలు పెట్టాడు. రెండుసార్లు డబ్బు ఖాతాలోంచి పోయింది, ఒక్కసారే చేతికి వచ్చింది. ఇలా జరిగితే ఆధార్ చెల్లింపుల్లో ఐదు రోజుల్లోగా సొమ్ము తిరిగి జమ కావాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. ఆ రైతు చేత బ్యాంకుకు తేదీ, సమయం, మొత్తం వేసి దరఖాస్తు రాయించాను. డబ్బు తిరిగి వచ్చింది. నోటిమాటగా అడిగితే రాదు. ఆధార్ గురించి సందేహం ఉంటే 1947కు ఫోను చేయండి, తెలుగులో మాట్లాడతారు.

చివరిగా నా నోటు పుస్తకం. వేలు పడని ప్రతి మనిషికీ ఒక వరుస రాస్తాను: తేదీ, ఊరు, వయసు, చేసే పని, వచ్చిన సంఖ్య, చివరికి ఏ దారిలో పని అయింది. ఆధార్ నంబరు రాయను, అది నా దగ్గర ఉండకూడదు. మొదట్లో మరచిపోకుండా ఉండటానికే రాసుకున్నాను. ఒక ఏడాది నిండాక తిరగేస్తే ఒకే తండా పేరు మళ్ళీ మళ్ళీ కనిపించింది. ఆ తండా నుంచి ఆధార్ కేంద్రానికి నేరుగా బస్సు లేదు. ఊరిలో సగంమంది ఏడాదిలో ఎక్కువ నెలలు హైదరాబాదులో బేల్దారి పనిలో ఉంటారు.

ఆ పేజీలు నకలు తీసి, నల్లగొండలో సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చాను. ఒక్క మనిషి బాధ చెబితే "చూస్తాం" అంటారు. ఇరవై ఆరు వరుసల కాగితం చూసి అక్కడి అధికారి అద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివారు. తండా బడిలో ఆధార్ క్యాంపు పెట్టడానికి మూడు నెలలు పట్టింది. తేదీని దసరాకు ముందు వారానికి మార్పించాం, వలస వెళ్ళినవాళ్ళు పండుగకు వస్తారు కనుక. సాగర్ అవ్వ మొదటి వరుసలో కూర్చుంది. ఆమె కుడి బొటనవేలు అప్పుడూ పడలేదు. కంటిపాపలు రెండూ పడ్డాయి. ఇప్పుడు నోటు పుస్తకంలో ఇంకో రెండు తండాల పేర్లు ఎక్కువగా వస్తున్నాయి, ఆ జాబితాతో వచ్చే సోమవారం మళ్ళీ నల్లగొండ వెళ్తున్నాను.