రెండోసారి ఎప్పుడు వెళ్తారో ముందే రాసుకోండి

పీహెచ్‌డీలో చేరి ఏడాదో రెండేళ్లో అయి, మొదటిసారి ఫీల్డ్‌వర్క్‌కి సిద్ధమవుతున్న మన శ్రీకాకుళం, విజయనగరం స్కాలర్ల కోసం ఇది రాస్తున్నాను. సబ్జెక్టు నీళ్లయినా, మట్టయినా, సోషల్ వర్కయినా, మీ పరిశోధనలో మనుషులుంటే చదవండి. శాంపిల్ ఎలా తీయాలో మీ గైడ్ చెబుతారు. తీశాక ఆ ఊరికి ఏం చెప్పాలి, ముందు ఎవరికి చెప్పాలి అన్నది చాలామందికి ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

కవిటి మండలంలో ఒక ఊరికి బోరు నీళ్ల శాంపిళ్ల కోసం వెళ్లాను. కవిటి ఉండే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మీకు తెలిసిందే, కిడ్నీ ఎలా పనిచేస్తుందో రక్తంలో చూసే క్రియాటినిన్ అనే మాటని అక్కడ అక్షరం రాని అమ్మమ్మ కూడా తడుముకోకుండా పలుకుతుంది. ఒక పెద్దావిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్లి బట్టల షాపు కవరు ఒకటి తెచ్చింది. అందులో ఆసుపత్రి చీటీలు, మడతల దగ్గర చిరిగిన రిపోర్టులు, వాటి మధ్య వేలెడంత కాగితం ముక్క. దాని మీద నీలి ఇంకుతో శాంపిల్ నంబరు. అంతే. ఎవరు తీశారో లేదు, ఎక్కడినుంచి వచ్చారో లేదు, ఫోన్ నంబరు లేదు. "రక్తం అట్టుకెల్లినోల్లు మల్లీ రానేదు బాబూ, ఏటైనాదో చెప్పనేదు" అంది. ఆవిడ ఆ ముక్కని ఏళ్ల తరబడి దాచుకుంది, ఎవరైనా వచ్చి అడిగితే చూపించాలని. ఆ తర్వాత నేను చేసింది కూడా మెరుగ్గా ఏమీ లేదు. ల్యాబ్‌లో ఆలస్యమై, తర్వాత ప్రయాణం డబ్బులు లేక, పధ్నాలుగు నెలల వరకు ఆ ఊరికి తిరిగి వెళ్లలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే మొదటి జాగ్రత్త. సినాప్సిస్ రాసేటప్పుడే, ప్రాజెక్టు బడ్జెట్ వేసేటప్పుడే, ఫలితాలు చెప్పడానికి ఊరికి వెళ్లే ప్రయాణం ఒక ఖర్చుగా రాయండి. జీపు కిరాయి, తెలుగులో కరపత్రం ప్రింటింగు, కూలి మానుకుని వచ్చి కూర్చునేవాళ్లకి కనీసం టీ టిఫినూ. తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ డబ్బు ఎప్పటికీ రాదు. గైడ్ ఒప్పుకోకపోతే ఒక మాట చెప్పండి: కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం 2022లో విడుదల చేసిన సైంటిఫిక్ సోషల్ రెస్పాన్సిబిలిటీ మార్గదర్శకాల్లో, శాస్త్రంలో పనిచేసేవాళ్లు ఏడాదికి కనీసం 10 పనిదినాలు సమాజంతో జ్ఞానం పంచుకోవడానికి ఇవ్వాలని ఉంది. మీరు అడుగుతున్నది కొత్త కోరిక కాదు.

శాంపిల్ తీసిన ప్రతి ఇంట్లో ఒక చీటీ ఇవ్వండి, నంబరు ఒక్కటే ఉన్న చీటీ కాదు. మీ పేరు, గైడ్ పేరు, డిపార్ట్‌మెంట్ ఫోన్, ఏం పరీక్ష చేస్తున్నారు, ఫలితం సుమారు ఏ నెలలో చెబుతారు. ఆలస్యమైతే చెప్పిన నెలలోనే ఆశా కార్యకర్తకి ఫోన్ చేసి ఆలస్యమైందని చెప్పండి. ఆ ఒక్క ఫోన్‌తో ఊరివాళ్లకి మీ మీద ఎంత నమ్మకం నిలబడుతుందో నేను చూశాను. సమ్మతి పత్రం తెలుగులో ఉంటే చాలనుకోకండి, ఇచ్ఛాపురం వైపు ఒడియా ఇంటిభాషగా ఉన్నవాళ్లు చాలామంది, సీతంపేట కొండల్లో సవర మాట్లాడతారు. చదివి చెప్పే మనిషిని ముందే వెతుక్కోండి. కరపత్రం, ఫొటోలు, రికార్డింగులు కూడా ఎథిక్స్ కమిటీకి ముందుగా పెట్టండి, చివర్లో పరుగెత్తితే నెలలు పోతాయి.

ఇక అసలు టెన్షన్ విలేకరులతో. ఊళ్లో జీపు దిగిన మర్నాడే ఫోన్ వస్తుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి నీళ్లలో సిలికా అని, పురుగుమందులని, ఎండలో చెమటోడ్చి నీళ్లు తాగకపోవడమని, నొప్పి మాత్రలని అనుమానాలు చాలా ఉన్నాయి, ఇదే కారణమని ఖాయంగా తేలలేదు. మీ దగ్గర ఉన్నది నలభై బోర్ల లెక్క. "కొంత తేడా కనిపించింది" అని మీరంటే, పొద్దున్నే పేపర్లో "కారణం దొరికింది" అని వస్తుంది. కాబట్టి రెండు వాక్యాలు ముందే కాగితం మీద రాసుకుని, అవే చెప్పండి. తేలింది ఒకటి, తేలనిది ఒకటి. ఊరి పేరు బయటపెట్టకండి, మండలం వరకే. ఊరి పేరు పేపర్లో పడ్డాక ఆ ఊరి పిల్లలకి సంబంధాలు వెనక్కి పోయాయన్న మాట నేను చాలా ఇళ్లలో విన్నాను, అది మన రీసెర్చ్ పేపర్ కన్నా పెద్ద విషయం. పేషెంట్ల ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో అస్సలు వద్దు, వాళ్లు నవ్వుతూ నిలబడినా సరే.

రిపోర్టు చూపించి "నాకు పరవాలేదా బాబూ" అని అడుగుతారు. మీరు డాక్టర్ కాకపోతే జవాబు చెప్పకండి, ధైర్యం చెప్పాలనిపించినా చెప్పకండి. దగ్గర పీహెచ్‌సీ ఎక్కడో, ఏఎన్‌ఎం ఎవరో తెలుసుకుని వెళ్లండి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకలతో కిడ్నీ రీసెర్చ్ సెంటర్, ఆసుపత్రి మొదలయ్యాయి, అక్కడికి ఎలా వెళ్లాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెప్పగలిగితే అదే పెద్ద సాయం. మందు ఇప్పిస్తాం, పింఛను రాయిస్తాం అని మాత్రం నోరు జారకండి.

సమయం కూడా చూసుకోవాలి. జీడి పిక్కలు ఏరే ఎండాకాలంలో మధ్యాహ్నం మీటింగు పెడితే ఎవరూ రారు, వచ్చినవాళ్లు కూలి పోగొట్టుకుని వస్తారు. అక్టోబరు, నవంబరుల్లో ముఖ్యమైన సమావేశాలు పెట్టకండి, మన దగ్గర అవి తుఫాను నెలలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలకూల్చేసింది, ఆ తర్వాత నెలల తరబడి అక్కడ ఎవరికి మన గ్రాఫుల మీద ధ్యాస ఉంటుంది చెప్పండి. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లు కూడా ఇళ్లకి వస్తారు, కనుమ దాటాక రెండు మూడు రోజులు మంచి అదను.

ఇంపాక్ట్ చూపించమని రేపు కమిటీ అడుగుతుంది. బ్యానరు పట్టుకున్న ఫొటో, హాజరు పట్టీ సరిపోవు. ఒక నోటుబుక్కు పెట్టుకోండి: తేదీ, ఎవరు ఏం అడిగారు, మీరేం చెప్పారు, ఆ తర్వాత ఏమైనా మారిందా. ఒక ఇంట్లో బోరు నీళ్లు మాని కుళాయి నీళ్లు తాగడం మొదలుపెట్టినా, స్కూలు మాస్టారు మీ కరపత్రాన్ని క్లాసులో చదివించినా అదే రోజు రాయండి. ఆరు నెలల తర్వాత గుర్తు తెచ్చుకుని రాస్తే అది మన కోరికలా ఉంటుంది గానీ జరిగినదానిలా ఉండదు. ఏమీ మారకపోతే అది కూడా రాయండి, ఎందుకు మారలేదో ఊరివాళ్లనే అడిగి.